తోడునడక

ఏకాంతము వేఱు, ఒంటరితనము వేఱు. ఏకాంతమును మనుష్యుడు కోరి తెచ్చుకొనును. ఒంటరితనము కోరకయే వచ్చి పైబడును. మొదటిదానివలన మనస్సు తేటపడును, రెండవదానివలన కుంగిపోవును. ఈ భేదమును మన పెద్దలు చక్కగా నెఱిగినవారే. కాని యొంటరితనము శరీరమును సైతము తినివేయు బాధయని శాస్త్రజ్ఞులు లెక్కలు గట్టి చెప్పుట ఇటీవలి సంగతి. ప్రపంచారోగ్యసంస్థవారు నియమించిన సంఘము 2025వ సంవత్సరము జూను మాసమున ప్రకటించిన నివేదికనుబట్టి, ప్రపంచమున ప్రతి యార్గురిలో నొకరు ఒంటరితనముచే బాధపడుచున్నారు. దానితో ముడివడిన మరణములు ఏటేట 8,71,000లకు మించుచున్నవి. అనగా గంటకు దాదాపు నూరు ప్రాణములు. గుండెజబ్బునకు, పక్షవాతమునకు, మధుమేహమునకు, బుద్ధిమాంద్యమునకు ఇది త్రోవ తీయుచున్నదని ఆ నివేదిక తెల్పుచున్నది.

ఇది పడమటిదేశముల బాధయే గాని మనది కాదని త్రోసివేయుట తగదు. మన పాఠకులు తమ తమ గ్రామములను ఒక్కసారి తలచుకొనవలెను. పదిమంది తిరుగాడిన మండువాయింట నేడు ఇద్దఱు వృద్ధులు మాత్రమే యున్నారు. కొన్నియిండ్లలో నొక్కరే యున్నారు. బిడ్డలు హైదరాబాదుననో, బెంగుళూరుననో, అమెరికాలోనో ఉద్యోగములు చేసికొనుచున్నారు. పొలము కౌలునకు పోయినది. పశువులశాల ఖాళీ యైనది. సాయంకాలమున అరుగుమీద కూర్చుండువారు లేరు. బిడ్డలయొద్దకు సముద్రములు దాటి పోయిన తల్లిదండ్రుల స్థితియు మేలైనది కాదు. కారు నడపుట రానివారికి అమెరికా శివారుపేటలలో గడపదాటి పోవు చోటు లేదు. పగలెల్ల పలుకరించు దిక్కు లేదు. ఇక మన పట్టణములలో నొకే మేడలో నూఱు కుటుంబములు కాపురముండియు నెదుటి గది వారి పేరెఱుగని వారున్నారు. ధనము లేనివారికే యీ బాధ యనుకొనుట పొరపాటు. ఇది కలిగినయింటను కాపురము చేయుచున్నది.

మనోవ్యాధులకు వైద్యము మన దేశమున నెంత కొఱతగా నున్నదో 2015–16లో బెంగుళూరు నిమ్‌హాన్స్ సంస్థవారు జరిపిన జాతీయ పరిశీలన బయలుపఱచినది. వయస్సు వచ్చినవారిలో నూటికి పదిమందికి పైగా ఏదో యొక మనోబాధతో నుండిరి. ఆయా వ్యాధులనుబట్టి చూడగా, నూటికి డెబ్బదిమంది మొదలు తొంబదిరెండుమందివఱకు చికిత్స యెఱుగరు. ఇంత యగాధమును వైద్యులొక్కరే పూడ్చజాలరు. వైద్యులు వైద్యము చేయవలసినదే. కాని వారియొద్దకు పోవలసిన యవస్థ రాకమునుపు, పోయి వచ్చిన పిమ్మటను, సంఘము చేయవలసిన పని యొకటి కలదు. ఆ పని ఇంగ్లండు దేశమున నే తీరున సాగినదో చూచుట మనకు లాభకరము.

1990వ దశకము నడుమ ఆక్స్‌ఫర్డుషైరులోని సానింగ్ కామన్ అను గ్రామమున విలియం బర్డు అను కుటుంబవైద్యుడు తన రోగులను గుంపుగా పొలముల వెంట నడిపింపదొడగెను. వ్యాయామము చేయుడని చెప్పిన వైద్యులు పెక్కురు గలరు. చెప్పినంత మాత్రమున చేసిన రోగులు మిక్కిలి యరుదు. నడువుమని చెప్పుటకును, వచ్చి తోడ నడుచుటకును గల యంతరమును ఆ వైద్యుడు కనిపెట్టెను. ఆ చిన్న పని క్రమముగా దేశమంతట వ్యాపించి ‘ఆరోగ్యపునడకలు’ అను పేర వందలకొలది ఊళ్లలో వారము వారము జరుగజొచ్చెను. 2012 నుండి కొన్ని సంవత్సరములపాటు ర్యాంబ్లర్స్ అను పాదచారుల సంఘమును, మాక్మిలన్ అను క్యాన్సరు సహాయసంస్థయు గలసి ఈ నడకలను నిర్వహించినవి.

పిదప ప్రభుత్వమును కన్ను తెఱచినది. 2016 జూనులో హత్యకు గుఱియైన పార్లమెంటు సభ్యురాలు జో కాక్స్ ఒంటరితనముపై నారంభించిన కృషి ఫలముగా, 2018 జనవరిలో ఆ విషయమును చూచుటకే యొక మంత్రిని నియమించిరి. 2021లో జపానువారును అట్లే చేసిరి. 2018 అక్టోబరులో స్కాట్లండునకు ఉత్తరముననున్న షెట్లండు ద్వీపములలో వైద్యులు పక్షిసంరక్షణ సంఘమువారితో గలసి, ఏ మాసమున ఏ తీరమున నేమి చూడవచ్చునో తెల్పు పట్టికను రోగులకు మందుచీటీతోపాటు ఇయ్యదొడగిరి. ఇంగ్లండున 2019 నుండి వైద్యశాలలలో నొక క్రొత్త యుద్యోగిని పెద్దయెత్తున నియమించిరి. వైద్యుడు పంపిన మనుష్యునితో నతడు తీరికగా కూర్చుండి, ‘నీకేమి జబ్బు’ అని యడుగుటకు మాఱుగా, ‘నీకు జీవితమున ముఖ్యమైనదేది’ అని యడుగును. ఆ మాటనుబట్టి అతనిని ఒక తోటపని బృందమునకో, నడకల గుంపునకో చేర్చును. 2021 మొదలు 2023 వఱకు ఏడు ప్రాంతములలో నీ పద్ధతిని ప్రత్యేకముగ పరీక్షించి చూడగా ఎనిమిదివేలమందికి పైగా పాల్గొనిరి. పదింటికి లెక్కకట్టిన సంతోషము సగటున 5.3 నుండి 7.5కు పెరిగినది, ఆందోళన 4.8 నుండి 3.4కు తగ్గినది.

ఈ యంకెలను చూచి తొందరపడరాదు. అందు నడకలేగాక తోటపని మొదలగునవియు గలవు. ఏమియు చేయని మఱియొక గుంపుతో సరిపోల్చి చూచిన పరీక్షయు గాదు. కాలము గడచినకొలది తమంతట కోలుకొన్నవారును అందుండవచ్చును. అయినను ఇతర పరిశోధనలును ఇదే వైపు చూపుచున్నవి. 1984లో రోజర్ ఉల్‌రిచ్ అను శాస్త్రజ్ఞుడు పెన్సిల్వేనియాలోని యొక యాసుపత్రి లెక్కలను ప్రకటించెను. పిత్తాశయమునకు శస్త్రచికిత్స పొందినవారిలో, కిటికీనుండి చెట్లు కనబడిన 23 మంది, ఇటుకగోడ మాత్రమే కనబడిన 23 మందికంటె త్వరగా నిల్లు చేరిరి. బలమైన నొప్పిమందులను తక్కువగా వాడిరి. 2015లో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమువారు 38 మందిని రెండు పాళ్లుచేసి, కొందఱిని పచ్చికబయళ్లలోను, కొందఱిని వాహనములు క్రిక్కిఱిసిన రోడ్డువెంటను గంటన్నర నడిపించిరి. పచ్చికలో నడచినవారికి చేదుతలపులను మరల మరల నెమరువేయు గుణము తగ్గినది, రెండవవారికి తగ్గలేదు. పశువు నెమరువేసిన బలము కలుగును. మనుష్యుడు దుఃఖమును నెమరువేసిన బలము తఱుగును. కుంగుబాటునకు ఈ నెమరే మొదటిమెట్టని వైద్యు లెఱిగినదే. 2019లో ఇంగ్లండున దాదాపు ఇరువదివేలమందిని విచారింపగా, వారమునకు రెండుగంటలకు తక్కువగాక ప్రకృతిలో గడపువారు తమ యారోగ్యము, తమ మనస్సు బాగుగ నున్నవని యెక్కువగా చెప్పిరి. ఆరోగ్యవంతులే యెక్కువగా బయటికి పోవుదురు గాన, కారణమేదో కార్య మేదో యీ చివరి పరిశీలనవలన తేలదు.

గుంపునడకలనే ప్రత్యేకించి చూచిన పరిశోధనయు నున్నది. 2015లో 14 దేశములలో జరిగిన 42 పరిశీలనలను, మొత్తము 1,843 మంది వివరములను ఒకచోట చేర్చి లెక్కచూడగా రక్తపుపోటు, శరీరపుక్రొవ్వు, కుంగుబాటు తగ్గినట్లు కనబడినది. చెప్పుకోదగిన హాని యేమియు కనబడలేదు. అన్నిటికంటె ముఖ్యమైనది, గుంపులో చేరినవారు మధ్యలో మానక నిలిచిరి. ఒంటిగా మొదలుపెట్టిన వ్యాయామము ఎన్నాళ్లు సాగునో మనలో ప్రతివారికి తెలిసినదే.

ఈ నడకలలో మేలుచేయునది చెట్టా, నడకయా, తోడా యని విడదీసి చెప్పుట కష్టము. మూడును గలసియే పనిచేయుచున్నవి. ఐనను, ఒంటరివాని విషయమున వీనిలో మొదటిది తోడేయని మా యభిప్రాయము. చెట్లు ఊరిచుట్టును ఉన్నవి. కాళ్లు ఎవరికివారికి ఉన్నవి. అయినను అతడు గడపదాటడు. కుంగిన మనస్సునకు గడప కొండయై తోచును. పదిమంది నవ్వుచు నడుచుచోటికి తానొక్కడు పోయి చేరుట అతనికి సిగ్గు. కావున నడిపించువాడు కావలెను. ఆరోగ్యపునడకల నియమములన్నియు ఈ యొక్క సంగతినే ఎఱిగి చేసినట్లున్నవి. నడిపించువారు వైద్యులు కారు. కొద్దిపాటి శిక్షణ పొందిన ఊరివారే. ఒకరు ముందు నడతురు, మఱియొకరు అందఱికంటె వెనుక నడతురు. వెనుకవాని పని యేమనగా, తానే చివరివాడై యుండుట. మందముగా నడచువాడు తన వెనుక నొకడున్నాడని యెఱిగి సిగ్గుపడక నడచును. క్రొత్తవానిని పేరు పెట్టి పిలుతురు. ఆరంభమున పావుగంట, అరగంట నడకయే. దినము, గడియ, కలియుచోటు మార్పరు. నడక ముగిసినపిమ్మట తేనీరు త్రాగుచు కూర్చుండుటయు నా వైద్యములోని భాగమే.

మఱియొక సూక్ష్మమును గమనింపవలెను. ఎదురెదురుగ కూర్చుండి నీ బాధ చెప్పుమన్న నోరు రానివారు, ప్రక్కప్రక్కన నడుచునపుడు తామే చెప్పుదురు. మన మగవారి విషయమున నిది మఱింత నిజము. చూపులు దారిమీద నుండును, మాట తడబడినను నడక ఆగదు, నడుమ మౌనము వచ్చినను వెలితిగా తోచదు. మాట లేనపుడు పిట్టయో, పువ్వో, మబ్బో మాట నందించును. దుక్కిదున్ని వచ్చుచు, సంతకు పోవుచు మన తాతలు గట్లవెంట చెప్పుకొన్న కష్టసుఖము లిట్టివే. ఆనాడు బ్రతుకుతెరువే మనుష్యులను తోడునడిపించెను. నేడు మోటారుబండి ఆ పనిని తొలగించినది. దాని స్థానమున మనము బుద్ధిపూర్వకముగ నొకటి నిలుపుకొనవలసియున్నది.

నడచుటకు చోటు లేనిదే ఇదంతయు వట్టిమాట యగును. ఇంగ్లండున నేడు జనులు స్వేచ్ఛగా తిరుగు కొండబయళ్లు వారికి ఊరక రాలేదు. 1932 ఏప్రిల్ 24వ తేదీన మాంచెస్టరు, షెఫీల్డు ప్రాంతపు కార్మికులు కొన్నివందలమంది, భూస్వాములు పక్షుల వేటకై మూసియుంచిన కిండర్ స్కౌట్ కొండబీటిమీదికి నిషేధమును ధిక్కరించి నడచిపోయిరి. అయిదుగురు చెఱసాల పాలైరి. అంతకు రెండేండ్లక్రిందట దండియాత్రను చూచిన మన ప్రజకు, నడకయే సత్యాగ్రహ మగుట క్రొత్తగాదు. పిదప 1949లో జాతీయోద్యానముల చట్టము వచ్చెను; 1951లో ఆ కొండను ఇముడ్చుకొన్న పీక్ ప్రాంతము మొదటి జాతీయోద్యానమాయెను. నేడు వైద్యుడు రోగిని బయళ్లకు పంపగలుగుచున్నాడన్న, నాడు కార్మికుడు చెఱకు పోయినందువలననే.

మన గ్రామములకు చెఱువుగట్టు, తోపు, మందబయలు, పోరంబోకు పూర్వులు విడిచిన సొత్తు. వీనిలో నెంతభాగము నేడు మిగిలియున్నదో పాఠకులకు మేము చెప్పనక్కఱలేదు. గట్టు కోసికొని పొలములో కలుపుకొన్నవారు, తోపు నఱికి ఇండ్లస్థలములుగ నమ్మినవారు మనవారే. 2011 జనవరి 28న సుప్రీముకోర్టువారు జగ్‌పాల్ సింగు వ్యాజ్యములో, గ్రామపు ఉమ్మడిభూముల నాక్రమించినవారిని తొలగించుటకు ఏర్పాట్లు చేయుడని రాష్ట్రప్రభుత్వముల నాజ్ఞాపించిరి. ఆ యాజ్ఞ అమలు కచ్చేరీల పనియే గాక గ్రామపెద్దల మనస్సాక్షికి సంబంధించిన పనియు గూడ. చెఱువుగట్టు పోయిన ఊరిలో నీరొక్కటియే కాదు, సాయంకాలపు మాటయు నింకిపోవును.

మనకు సంప్రదాయము లేదని చెప్పుటకు వీలులేదు. సింహాచలము గిరిప్రదక్షిణమున ఆషాఢపూర్ణిమకు జనులు కొండచుట్టు దాదాపు 32 కిలోమీటర్లు రాత్రియెల్ల నడతురు. ఒకరికొకరు ఎఱుగనివారు నీళ్లందించుకొందురు. కార్తీకమాసమున ఉసిరిచెట్టు నీడను వనభోజనములు చేయుట మన యింటింటి వాడుక. ఎండలు తగ్గి, తోటలు పచ్చనై, పనులు కొంత తీరికైన దినములలో ఇల్లు విడిచి పదుగురితో చెట్టుక్రిందికి పొమ్మని విధించిన పెద్దలు మనుష్యుని మనస్సు నెఱిగినవారు. ఆ వనభోజనములు నేడు పెక్కుచోట్ల కులములవారీగ పంక్తులు దీర్చి, రాజకీయోపన్యాసములకు వేదికలగుట మనము చూచుచునే యున్నాము. ఒంటరితనమును బాపుటకు పుట్టిన యాచారము వేఱుపాటును పెంచు సాధనమైన, దానిని సంస్కరించుకొనవలసిన భారము మనదే.

క్రొత్త ప్రయత్నములును లేకపోలేదు. 1980లో హైదరాబాదున నేర్పడి నేడు దక్కను బర్డర్స్ అను పేర నున్న పక్షిపరిశీలకుల సంఘము చెఱువులకు, అడవులకు జనులను తీసికొనిపోయి పిట్టలను చూపుచు వచ్చినది. 1996లో నేర్పడిన శిలాసంరక్షణ సంఘము హైదరాబాదు చుట్టుప్రక్కల గుండ్లగుట్టల నడుమ నడకలు జరుపుచు వచ్చినది. వీరు మనోవ్యాధి పేరెత్తినవారు కారు. ఐనను ఏ పాలపిట్ట కొఱకో, ఏ శిల కొఱకో వచ్చినవాడు మనుష్యులను సంపాదించుకొని యిల్లు చేరును. ‘నీవు కుంగియున్నావు, రమ్ము’ అని పిలిచిన రానివాడు, ‘లకుముకిపిట్టను చూచి వత్తము రమ్ము’ అన్న వచ్చును. ఈ కిటుకును మనము నేర్చుకొనవలెను. ఇక 1998లో జాతీయోద్యానమైన కాసు బ్రహ్మానందరెడ్డి వనముచుట్టు ప్రతియుదయము నడచువారు మిక్కుటముగ నున్నారు. అట్టి వనమున్న ఊరు అదృష్టవంతమైనదే. కాని అచ్చట నడచువారిలో పెక్కురు చెవులలో పాట పెట్టుకొని తమదారిని తాము పోవుచుందురు. వేలమంది నడచుచోటను ఒంటరివాడు ఒంటరిగనే యుండవచ్చును. నడచువారు కొఱత కాదు, పిలుచువారు కొఱత.

కావున మన పట్టణములలోను, పెద్దగ్రామములలోను చేయదగిన పని యెట్టిదో విన్నవించుచున్నాము. దీనికి పెద్ద సొమ్ము గాని సర్కారు ఉత్తరువు గాని అక్కఱలేదు. విశ్రాంతి పొందిన ఉపాధ్యాయుడో, పోస్టుమాస్టరో, ఊరిచెట్ల పేర్లు తెలిసిన వృద్ధరైతో ఒకరు పూనుకొన్న చాలును. రెండవవారు వెనుక నడువవలెను. వారమున కొకదినము, ఒకే గడియ, ఒకే రావిచెట్టు. మొదట అరగంటకు మించరాదు. నడుమ కూర్చుండుటకు చోటుండవలెను. కార్తీకమునుండి ఫాల్గుణమువఱకు ఉదయపునీరెండ యనుకూలము. వేసవిలో తెల్లవాఱుజామునే బయలుదేఱి ఎండ పొడుచులోపల ఇల్లు చేరవలెను. వడదెబ్బకు గుఱిచేయు నడక పుణ్యము కాదు. స్త్రీలకు స్త్రీలే నాయకురాండ్రై యుండుట మంచిది; భర్తను గోలుపోయిన ముదుసలులు మన సంఘమున నందఱికంటె నొంటరులని మఱువరాదు. పిలుచునపుడు వీధిని చూడవలెను గాని కులమును చూడరాదు. రెండువారములు రానివాని యింటికి మూడవవారము ఒకరు పోయి విచారింపవలెను. ఈ విచారణయే ఈ పనియందలి ప్రాణము.

ఆశా కార్యకర్తలు ఇల్లిల్లు తిరుగువారు. ఏయింట నెవరు మాటలేక మూలనున్నారో వారికి దెలియును. ఊరి వైద్యుడును, ఆశా కార్యకర్తయు అట్టివారి పేర్లు వారి యనుమతితో నడిపించువానికి చెప్పిన, ఇంగ్లండువారు జీతములిచ్చి చేయించు పని మనయందు చాలవఱకు సాగును. పురపాలకసంఘములవారు నీడకు చెట్లు, కూర్చుండుటకు బల్లలు, స్త్రీలకు మఱుగు కల్పించి, పార్కులలో ఉదయపు ప్రవేశమునకు రుసుము లేకుండజేసిన చాలును. భూస్వాములైన మన పాఠకులు తమ తోటలవెంట, కాలువగట్లవెంట వారమున కొకగంట దారి విడిచిన వారికి పోవునదేమియు లేదు. తమ తల్లిదండ్రులును రేపు ఆ దారిని నడువవచ్చును.

ఒక హెచ్చరిక చేయక ముగింపరాదు. నడక వైద్యమునకు తోడే గాని వైద్యమునకు మాఱు కాదు. నిద్రాహారములు మాని, బ్రదుకుపై నాస విడిచి, చావు మాట లాడువానిని తోటకు తీసికొనిపోయి బాగగునని యూరకుండుట ప్రమాదము. అట్టివానిని విడువక వైద్యునియొద్దకు చేర్పవలెను. 2022 అక్టోబరు 10న కేంద్రప్రభుత్వము ప్రారంభించిన ‘టెలీ మానస్’ వారికి 14416 సంఖ్యకు రేయింబవళ్లు ఫోను చేయవచ్చును. సొమ్ము లేదు, తెలుగుననే మాటలాడవచ్చును. మందులు వాడువారు నడక మొదలుపెట్టితిమని మందులు మానరాదు.

వృద్ధులకు డబ్బు పంపు బిడ్డలు మనలో ననేకులు గలరు; మందులు పంపువారు గలరు. వారితో వారమున కొక గంట నడచువారిని పంపుట దూరదేశముననున్న బిడ్డల చేతిలో లేదు. అది ఊరిలో నున్న మన చేతిలోనిది. రానున్న కార్తీకమాసమునందైనను ప్రతిగ్రామమున నొకరు పూనుకొని, తమ వీధిలో తలుపు మూసికొని యుండు ఒక్కరినైనను పేరు పెట్టి పిలిచి చెఱువుగట్టువఱకు తోడ్కొని పోవుదురు గాక యని కోరుచున్నాము. మందుచీటీ వ్రాయగలవారు మనలో కొందఱే యున్నారు. తలుపు తట్టగలవారము అందఱమును.